దారిలో బండి ఆగితే

కారు దారిలో ఆగిపోయినంత మాత్రాన ఎవరికీ ప్రాణం మీదికి రాదు. ఆగేముందో, ఆగిన తర్వాతో మనం చేసే పనుల వల్ల వస్తుంది. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లినా ఇంకో పది కిలోమీటర్లు లాగుతాం. హైవే మీద బండ్లు దూసుకుపోయే వైపు కూర్చుని టైరు మారుస్తాం. చీకట్లో పారుతున్న నీళ్లలోకి బండి దింపుతాం. ఈ మూడింటికీ మూలం ఒక్కటే, పొద్దున ఇంట్లో అనుకున్న టైమును వదులుకోలేకపోవడం. పదింటికల్లా దర్శనం కావాలి, పదకొండున్నరకు ముహూర్తానికి అందాలి, రాత్రికి మళ్లీ ఇల్లు చేరాలి. ఈ లెక్క తలలో బిగుసుకున్న మనిషికి డ్యాష్‌బోర్డు మీద వెలిగిన లైటు కనపడదు. కనపడినా ‘చేరినాక చూద్దాం’ అంటాడు.

అందుకే ఈ అధ్యాయంలో సగం కారు గురించి, సగం ఆ టైమును చేతిలోంచి వదిలేయడం గురించి. రెండోది నేర్చుకోకుండా మొదటిది ఎంత తెలిసినా దారి మీద అక్కరకు రాదు.

వరంగల్ ప్రాంతం వాళ్లకు మేడారం దారే దీనికి మంచి బడి. హనుమకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి ముందే అమ్మవార్ల గద్దెల దగ్గర ఉంటాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటే అదే దారి రూపం మారిపోతుంది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు ఆర్టీసీ ఒక్కటే 6 వేల బస్సులు నడిపింది. కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు, డీసీఎంలు వీటికి అదనం. 2026 జనవరి చివర్లో జరిగిన జాతరకూ జనం అలాగే కదిలారు. ప్రైవేటు బండ్లకు ఒక దారి, బస్సులకు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి అని పోలీసులు ఎంత విడగొట్టినా, పస్రా దాటినాక గంటలకొద్దీ ఫస్టు గేరులో పాకాల్సిన సందర్భాలు వస్తూనే ఉంటాయి.

ఆ పాకుడులో కారుకు ఏమవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. జామ్‌లో ఆ గాలి ఉండదు, భారమంతా చిన్న కరెంటు ఫ్యాను మీద పడుతుంది. ఏసీ వేసి ఉంటే రేడియేటర్ ముందు ఇంకో వేడి జాలీ పెట్టినట్టే. లోపల ఐదుగురు కూర్చోవాల్సిన చోట ఏడుగురు, డిక్కీలో గిన్నెలు, బియ్యం, అమ్మవార్లకు మొక్కిన బంగారం, అంటే బెల్లం. నిలువెత్తు బంగారం మొక్కుకుంటే ఒక మనిషి బరువంత బెల్లం. ముందు బండి జానెడు కదిలినప్పుడల్లా మనమూ సగం క్లచ్ వదిలి జానెడు కదులుతాం. అలా గంట చేస్తే క్లచ్ ప్లేటు కాలి, మాడిన వాసన వస్తుంది. ఆ వాసన బయటి నుంచి వస్తోందని అనుకోవద్దు. ముందు బండికి నాలుగైదు కార్ల దూరం ఇచ్చి, క్లచ్ పూర్తిగా వదిలి ఒక్కసారి కదిలి, మళ్లీ న్యూట్రల్‌లో పెట్టి ఆగడమే జామ్‌లో నడిపే పద్ధతి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ముల్లు మధ్య గీత దాటి పైకి పోతుంటే వెంటనే ఏసీ ఆపండి, అద్దాలు దించండి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఎండలో హీటరా అని ఇంట్లోవాళ్లు తిట్టొచ్చు. కానీ హీటర్‌లోనూ చిన్న రేడియేటర్ ఉంటుంది, ఇంజిన్ వేడిని కొంత అది బయటికి లాగేస్తుంది. దాంతో ముల్లు దిగితే మెల్లగా వెళ్లొచ్చు. ఎరుపు అంటుకున్నా, ఆవిరి కనిపించినా, ఎరుపు లైటు వెలిగినా ఇంక ఆలోచన లేదు. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. అప్పుడు ఆపితే పైపో, కూలెంటో, పెద్దదైతే వాటర్ పంపో మార్చి బయటపడతాం. ఇంకో ఐదు కిలోమీటర్లు లాగితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, ఇంజిన్ పట్టేస్తుంది. ఖర్చు వేలలోంచి లక్షల్లోకి వెళ్లేది ఆ ఐదు కిలోమీటర్ల దగ్గరే.

ఒక జాతరప్పుడు పస్రా దగ్గర రోడ్డు పక్కన చూసిన సంగతి చెబుతాను. తెల్ల కారు బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తోంది. ఇరవై రెండేళ్లుండే పిల్లవాడు టవల్ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీదికి వంగాడు. వెనక ట్రాక్టర్ మీదున్న పెద్దాయన ఒక్క కేక పెట్టాడు. “ఏయ్ తమ్మీ, మూత ముట్టకు! మొఖం మీదికొస్తది. జర సల్లారనియ్యి.” పిల్లవాడు వెనక్కి తగ్గాడు. పెద్దాయన దిగి వచ్చి బానెట్ పూర్తిగా లేపి కర్ర ఆనించాడు. ఆడవాళ్లనూ పిల్లలనూ చెట్టు కిందికి పంపించాడు. తర్వాత అరగంటకు పైగా ఆయన చేసిందల్లా బీడీ కాల్చుకుంటూ కూర్చోవడమే. మధ్యలో పిల్లవాడు రెండుసార్లు లేచి వచ్చినా చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు. మూత చేత్తో పట్టుకోగలిగేంత చల్లారినాక, మందపాటి బట్ట వేసి కొంచెం తిప్పి ఆగాడు. ‘స్స్’ మని మిగిలిన ఆవిరి పోయాక మొత్తం తీశాడు. కింది పైపుకున్న క్లిప్పు వదులై కూలెంట్ కారిపోయిందని అప్పుడు తెలిసింది. స్క్రూడ్రైవర్‌తో బిగించి, ఇంజిన్ నడుస్తుండగా నీళ్లు కొంచెం కొంచెంగా పోయించాడు.

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పోకముందే మూత లాగితే ఏమవుతుందో మన వంటింట్లో అందరికీ తెలుసు. రేడియేటర్‌లోనూ అదే ఒత్తిడి. ఆ ఒత్తిడి వల్లే లోపలి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం పగిలే ప్రమాదం కూడా ఉంది. ఆ పెద్దాయనకు ఇవన్నీ తెలుసు. అయితే ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ అరగంట ఊరికే కూర్చోవడం. చేతులు ఊరుకోలేని మనిషికి బండి రిపేరు కంటే అదే కష్టం.

మొదటి పది నిమిషాలు

విమానం నడిపేవాళ్లకు శిక్షణలోనే ఒక వరుస నూరిపోస్తారు. ముందు విమానాన్ని గాల్లో నిలపాలి, తర్వాత ఎటు వెళ్లాలో చూసుకోవాలి, ఆ తర్వాతే రేడియోలో మాట్లాడాలి. కారులో మన వరుస మాత్రం తలకిందులుగా ఉంటుంది. బండి ఆగగానే బానెట్ లేపుతాం, లేదా బావమరిదికి ఫోన్ చేస్తాం. మనుషులు లోపలే ఉంటారు, వెనక లారీలు వస్తూనే ఉంటాయి.

జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లే 163 నంబరు జాతీయ రహదారి మీద ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. బ్రేకు గట్టిగా కొట్టొద్దు. ఎడమ ఇండికేటర్ వేసి, ఉన్న ఊపుతోనే వీలైనంత పక్కకు, కుదిరితే బస్ బే దాకానో పెట్రోలు బంకు దాకానో దొర్లనివ్వండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. భయపడకుండా బలంగా తొక్కితే పని చేస్తుంది. బండి కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ అవుతుంది. ఆగినాక హ్యాండ్ బ్రేకు, నాలుగు ఇండికేటర్లు. తర్వాత అందరూ ఎడమ డోర్ల నుంచే దిగాలి. రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లి, కారుకు కొంత వెనక వైపున నిలబడాలి. ముందు నిలబడితే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు మన కారే మన మీదికి వస్తుంది. పిల్లలు నిద్రపోతున్నారనీ, పెద్దవాళ్లు దిగలేరనీ, ఎండగా ఉందనీ లోపల ఉంచే అలవాటు మనకు చాలా ఉంది. హైవే మీద ఆగిన కారు లోపల కూర్చోవడం కంటే ఎండే నయం.

డిక్కీలో ఎర్ర త్రికోణం కారుతో పాటే వచ్చి ఉంటుంది. చాలామంది దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు. దాన్ని కారుకు వెనక, మామూలు రోడ్డు మీద కనీసం 50 మీటర్లు, హైవే మీద 100 మీటర్ల దూరంలో పెట్టాలి. పది అడుగుల దూరంలో పెడితే అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. పెట్టడానికి వెళ్లేటప్పుడు రోడ్డు అంచు దాటి నడవండి, వచ్చే బండ్లకు ఎదురుగా త్రికోణాన్ని ఒంటికి ముందు పట్టుకుని వెళ్లండి.

త్రికోణం లేనివాళ్లు రాళ్లు, చెట్టు కొమ్మలు పెడతారు. వేరే దారి లేకపోతే కొమ్మలు పెట్టండి. కానీ బండి బాగయ్యాక వాటిని తీయకుండా వెళ్లిపోవడం ఘోరం. ఆ రాత్రి బైకు మీద వచ్చే మనిషికి ఆ రాయి కనపడదు. మన కష్టం తీరినాక ఇంకొకరి దారిలో దాన్ని వదిలి వెళ్లకూడదని నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఇవన్నీ అయ్యాకే ఫోన్. జాతీయ రహదారుల మీద 1033కు రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు. పెట్రోలింగ్ బండి, క్రేను ఆ నంబరు ద్వారా వస్తాయి. వేరే రోడ్ల మీద 112, దెబ్బలు తగిలితే 108. ‘జనగామ దాటినం, ఒక దాబా ఉంది’ అంటే వాళ్లకు అర్థం కాదు. పక్కనున్న కిలోమీటరు రాయి దాకా నడిచి దాని మీది ఊరు పేరు, అంకె చెప్పండి, ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి. కారు ఇన్సూరెన్స్‌లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో, ఉంటే ఆ నంబరు ఏమిటో ఇంటి దగ్గరే ఫోన్‌లో దాచుకోవాలి. టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో, ఆ పైన ఎంతో ముందే అడగండి. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లను తాడు కట్టి లాగనివ్వొద్దు. బండిని మొత్తంగా పైకి ఎక్కించుకునే ట్రక్కునే అడిగి పిలిపించాలి.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉంటాయి. అక్కడ ఫోన్ చేతిలో పట్టుకుని గుట్టలెక్కడం కంటే వచ్చే ఆర్టీసీ బస్సును ఆపడం మంచిది. ఒకరిని బస్సెక్కించి ముందున్న ఊరికి పంపండి, లేదా డ్రైవర్‌కు కబురు చెప్పి, కాగితం మీద నంబరు రాసివ్వండి. ఆ రూటులో రోజూ తిరిగే డ్రైవర్లకు ఏ ఊళ్లో ఏ మెకానిక్ ఉన్నాడో మ్యాప్ కంటే బాగా తెలుసు.

నీళ్ల దగ్గర

ఇక్కడ మాత్రం బేరం లేదు. వానాకాలంలో కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకిందంటే హనుమకొండ–ములుగు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, బండ్లు రెండు వైపులా ఆగుతాయి. అటు ఇటు ఆగినవాళ్లలో ఎవడో ఒకడు దాటుతాడు, అతన్ని చూసి మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. అతని బండి ఎత్తు, బరువు వేరు, అతను దాటిన నిమిషంలో నీటి లోతు వేరు. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులుంటే పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

మన ప్రాంతంలో వాన ఎంతకు తెగిస్తుందో 2023 జులైలో చూశాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి నీట మునిగింది. 2024 సెప్టెంబరు 1న మరిపెడ మండలంలో ఆకేరు వాగు పొంగి, హైదరాబాద్ విమానాశ్రయానికి బయల్దేరిన తండ్రీకూతుళ్ల కారు కొట్టుకుపోయింది. ఇద్దరూ దక్కలేదు. వాళ్లు తప్పు చేశారని చెప్పడానికి దీన్ని తలచుకోవడం లేదు. చీకట్లో, వానలో, హెడ్‌లైట్ల వెలుగులో నీళ్లూ తారురోడ్డూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఎంత జాగ్రత్త గల మనిషికైనా అంతే. అందుకే నిర్ణయం వాగు దగ్గర కాదు, ఇంటి దగ్గర జరగాలి. రెడ్ అలర్ట్ ఉన్న రాత్రి వాగుల మీదుగా ప్రయాణం పెట్టుకోవద్దు. విమానం టికెట్ పోయినా, ఇంటర్వ్యూ పోయినా, పెళ్లి తప్పినా సరే.

బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి పీల్చే దారిలో నీళ్లు సిలిండర్లలోకి వెళ్తే, నీరు గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆగిన ఇంజిన్‌ను మెకానిక్ ఆరబెట్టి బతికించవచ్చు, స్టార్ట్ చేయాలని చూస్తే ఇంజిన్ పోతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే ఆ నష్టానికి ఇన్సూరెన్స్ కూడా రాకపోవచ్చు. నీళ్లు కారును ఎత్తుతున్నట్టు అనిపిస్తే, పవర్ విండోలు పనిచేస్తుండగానే అద్దాలు దించి, బెల్టు తీసి, కిటికీలోంచి బయటపడాలి. నీటి ఒత్తిడికి డోర్లు తెరుచుకోవు.

బయల్దేరే ముందు

మొట్టమొదటి లాంగ్ డ్రైవ్ చేసింది ఒక గృహిణి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా ఆయన తయారు చేసిన మూడు చక్రాల బండి మీద జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లింది. దూరం ఇంచుమించు మనకు హనుమకొండ నుంచి మేడారం అంత. దారిలో ఇంధనం పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు కొట్టించింది. ఇంధనం మందుల షాపులో కొంది. ఆమె సాహసం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆమె ఆ బండి తయారైన ఇంట్లో ఉండి, ఏ భాగం ఏం చేస్తుందో తెలుసుకుని ఉండటమే ఎక్కువ అనిపిస్తుంది. తెలియకపోతే టోపీ పిన్ను టోపీకే ఉండిపోయేది.

ఇప్పటి కార్లలో మనం విప్పి బాగు చేయగలిగింది తక్కువ. చూసి తెలుసుకోగలిగింది మాత్రం చాలా ఉంది. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారం కొట్టించాలి. గాలి తక్కువైన టైరు తిరుగుతూ నలిగి వేడెక్కుతుంది. మే నెల ఎండలో, నిండుగా బరువు వేసుకుని వేగంగా వెళ్తుంటే అదే పేలుతుంది. టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు దాని పుట్టిన తేదీ. 2321 అంటే 2021లో 23వ వారం. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదై పగుళ్లు వచ్చి ఉండొచ్చు. స్టెప్నీకి కూడా ఇదే పరీక్ష. అసలు మీ కారులో స్టెప్నీ ఉందో లేదో చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే ఏర్పాటు, పంచర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని 2020లో నిబంధన మారింది. చాలామందికి ఆ సంగతి పంచరయ్యాకే తెలుస్తోంది.

బ్యాటరీకి మూడేళ్లు దాటితే పరీక్ష చేయించండి. పొద్దున సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోందంటే అది వారం ముందే చెబుతోందని లెక్క. కారును మెకానిక్‌కు ప్రయాణం ముందు సాయంత్రం కాదు, వారం ముందు చూపించండి. బెల్టో పైపో మార్చాలంటే ఆటోనగర్‌లో ఆ మోడల్‌ది లేక హైదరాబాద్ నుంచి రావాల్సి ఉండొచ్చు. ముందు సాయంత్రం చూపిస్తే అతను కూడా ‘ఏం కాదు, పోయి రాండ్రి’ అంటాడు, ఇంకేం చేస్తాడు మరి.

బండి గురించి ఇంత చూసుకునేవాళ్లు కూడా బండిలో కూర్చునేవాళ్లతో ఒక్క మాట అనుకోరు. ఎరుపు లైటు వెలిగితే ఆగుతాం, రోడ్డు మీద నీళ్లుంటే తిరిగొస్తాం, చీకటి పడితే ఉన్న ఊళ్లో పడుకుంటాం అని ఇంట్లోనే అందరూ కలిసి అనుకోవాలి. అలా అనుకుంటే దారిలో డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడి పరువు సమస్య పోతుంది. ఆపడం అతని ఓటమి కాదు, అందరి మాట. బండి ఆగినప్పుడు ‘నేను ముందే చెప్పిన’ అనే మాట ఆ రోజుకు ఎవరూ అనకూడదు. ఆ మాట విన్న మనిషి నిరూపించుకోవడానికే పనికిరాని సాహసం చేస్తాడు. ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు పిల్లల చెయ్యి పట్టుకోవాలి, ఎవరు వెనక వచ్చే బండ్లను చూడాలి అని పని పంచుకోండి. అమ్మ బీపీ గోళీలు, నాన్న షుగరు గోళీలు డిక్కీ అడుగున సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. తాగే నీళ్లు, రేడియేటర్ నీళ్లు వేరువేరు క్యాన్లలో ఉండాలి.

మెకానిక్ వచ్చి బాగు చేశాక డబ్బులిచ్చి పరుగెత్తొద్దు. ఏం పోయింది, ఎందుకు పోయింది, చేసింది పూర్తి రిపేరా, ఊరు చేరేదాకా పనికొచ్చే తాత్కాలిక ఏర్పాటా అని అడగండి. తీసేసిన పాత పార్టు చేతిలోకి తీసుకుని చూడండి. కూలెంట్‌కు బదులు నీళ్లు పోసి ఉంటే, ఇంటికొచ్చాక అవి తీయించి సరైన కూలెంట్ పోయించాలి. ఏసీ లేకుండా ఒక ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి, తర్వాతి బంకులో ఆగి, కారు కిందికి వంగి ఏమైనా కారుతోందా చూడండి. ముల్లు ఎక్కడుందో పక్క సీట్లో ఉన్నవాళ్లను కూడా చూడమనండి. అక్కడే, ఛాయ్ తాగుతూ, ముందుకు వెళ్దామా, తిరిగి ఇంటికి పోదామా అని బండిలో ఉన్న అందర్నీ అడగండి. పిల్లల్ని కూడా.